అల్లుడి వాటా అరవై అయిదు డాలర్లు

మా అరుప్పుకోట్టైలో నలుగురు కలిసి ఎక్కడికైనా వెళ్ళాలంటే వ్యాను మాట్లాడుకోవడం అలవాటు. తిరుచ్చెందూరు మొక్కు కావచ్చు, కోవిల్‌పట్టిలో పెళ్ళి కావచ్చు. తిరిగి వచ్చాక అరుగు మీద కూర్చుని డీజిలుకు ఇంత, టోలుకు ఇంత, డ్రైవరు బత్తా ఇంత అని రాసి తలా ఇంత అని పంచుతాం. స్పిన్నింగు మిల్లులో ముప్ఫై ఏళ్ళు లెక్కలు రాసినవాణ్ణి కనుక ఆ కాగితం ఎప్పుడూ నా చేతికే వస్తుంది. ఆ లెక్కలో డ్రైవరుకు వాటా ఉండదు. అతనికి మనమే ఇస్తాం, భోజనం కూడా మనమే పెట్టిస్తాం.

నడిపేవాడు కూడా తన వాటా తాను పెట్టుకుని తీరాలి, పెట్టుకోకపోతే చట్టం ఒప్పుకోదు అనే బండి ఒకటి ఉందని 2018లో అమెరికా వెళ్ళినప్పుడు తెలిసింది. అది నాలుగు సీట్ల చిన్న విమానం.

మా అక్క కొడుకు కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్ అనే ఊళ్ళో ఉంటాడు. ఉద్యోగం కంప్యూటర్లది, సరదా విమానాలది. చిన్నప్పుడు మదురైలో దిగే విమానం చుక్కంత కనబడినా చాలు, అన్నం కంచం వదిలి మేడ మీదికి పరుగెత్తేవాడు. అది వయసుతో పోతుందనుకున్నాం, పోలేదు. అమెరికాలో కాస్త నిలదొక్కుకున్నాక సెలవు రోజుల్లో విమానం నేర్చుకుని ప్రైవేటు పైలట్ లైసెన్సు తెచ్చుకున్నాడు. అక్కడ దానికి కనీసం 17 ఏళ్ళ వయసు, 40 గంటల శిక్షణ ఉండాలి. వీడికి డెబ్బై గంటలు, రెండేళ్ళు పట్టింది. సొంత విమానం లేదు. లివర్‌మోర్ అనే ఊళ్ళో ఒక క్లబ్బులో చేరి, కావలసినప్పుడు గంటల లెక్కన సెస్నా 172 అద్దెకు తీసుకుంటాడు. ఈ సెస్నా 172 మన అంబాసిడరు కారు లాంటిది. 1955లో మొదటిసారి ఎగిరింది, ఇప్పటికి 44,000 పైగా తయారయ్యాయి. చిన్న విమానాల్లో ఇంకేదీ ఇన్ని తయారు కాలేదు.

మేము వెళ్ళిన జూలైలోనే అతని మామగారు కూడా తెనాలి నుంచి కూతుర్ని చూడటానికి వచ్చి ఉన్నారు. మా అక్కకు వియ్యంకుడు, నాకు బావగారి వరస. మంచి మనిషి, భారీ మనిషి. మా తెలుగు విని మొదట్లో నవ్వేవారు. నేను ‘రేపటి పొద్దున’ అనబోయి ఏ తమిళ మాటో కలిపేస్తే, ‘నాలుగైదు వందల ఏళ్ళు అక్కడ ఉండి ఈ మాత్రం నిలబెట్టుకున్నారు, అదే పదివేలు’ అనేవారు. ఆయన లివర్‌మోర్ విమానం సంగతి బయల్దేరకముందే తెనాలి అంతా చెప్పి వచ్చారు. ‘మా అల్లుడు నడుపుతాడు, నేను పక్కన కూర్చుని పసిఫిక్ సముద్రం చూస్తాను’ అని.

ఒక రాత్రి భోజనాల దగ్గర డబ్బు మాట వచ్చింది. హాఫ్ మూన్ బే అని సముద్రం ఒడ్డున చిన్న ఊరు. అక్కడికి పోయి రావడానికి సుమారు 1.3 గంటల అద్దె, పెట్రోలుతో కలిపి 195 డాలర్లు అవుతుందని అల్లుడు చెప్పాడు. బావగారు వెంటనే రెండు వందల నోట్లు తీసి బల్ల మీద పెట్టారు. మేము మాత్రం ఊరుకుంటామా? మా ఆవిడ పర్సు తెరిచింది. అల్లుడు చేతులు జోడించాడు. ‘మామా, అత్తా, మీరు మొత్తం ఇస్తే నా లైసెన్సుకు ముప్పు. నలుగురం వెళితే నాలుగు వాటాలు. నా వాటా నేనే పెట్టాలి, ఒక్క డాలరు తగ్గకూడదు.’

బావగారికి అది అవమానంగా తోచింది. అల్లుడి చేత ఖర్చు పెట్టించడం ఆయన వంశంలో లేదట. అప్పుడు అల్లుడు సెల్లు తీసి 61.113 అనే నిబంధన చదివి వినిపించాడు. అమెరికాలో ప్రైవేటు పైలట్ జీతానికి గానీ బాడుగకు గానీ మనుషుల్ని ఎక్కించుకోకూడదు. తోటివాళ్ళతో ఖర్చు పంచుకోవచ్చు. ఆ ఖర్చయినా పెట్రోలు, ఆయిలు, ఎయిర్‌పోర్టు రుసుము, విమానం అద్దె, ఇంతే. తన సమాన వాటాకు తక్కువ పెట్టకూడదు. పైగా పైలట్‌కు కూడా ఆ ఊరు వెళ్ళే పని తనదిగా ఉండాలి. ఎవరో అడిగారని వాళ్ళను దింపి రావడానికి వెళితే అది బాడుగే.

లెక్కలు రాసేవాడిగా నాకు ఈ నిబంధన ఎంతో నచ్చింది. డబ్బు మొత్తం మనం ఇస్తే మనం యజమానులం, అతను డ్రైవరు. డ్రైవరును ‘ఇంకాస్త పోనీ, ఏం కాదు’ అనే అధికారం మనకు వచ్చేస్తుంది. వాటా పంచుకుంటే ఎవరూ యజమాని కాదు.

ఈ విషయంలో అన్ని దేశాలూ ఒకలా లేవు. యూరప్‌లో పైలట్‌తో కలిపి ఆరుగురి దాకా ఖర్చు పంచుకోవచ్చు, ముక్కూ మొహం తెలియనివాళ్ళయినా సరే. 2015లో మొదలైన వింగ్లీ అనే సంస్థ అలా పైలట్లనూ ప్రయాణికులనూ కలుపుతుంది. అమెరికాలో ఫ్లైటెనౌ అనే సంస్థ అదే చేయబోతే ప్రభుత్వం కాదంది. 2015 డిసెంబరులో వాషింగ్టన్ అప్పీలు కోర్టు ప్రభుత్వ పక్షమే తీర్పు చెప్పింది, 2017లో సుప్రీంకోర్టు కేసు తీసుకోలేదు. తెలిసినవాళ్ళతో పంచుకోవచ్చు గానీ ఊరందరికీ చాటి పిలవకూడదన్నమాట. మన దేశంలోనూ ప్రైవేటు లైసెన్సు మీద బాడుగకు ఎక్కించుకోకూడదు.

ఇంత పట్టుదల ఎందుకో 2019 జనవరిలో అందరికీ తెలిసింది. ఎమిలియానో సాలా అనే ఫుట్‌బాలు ఆటగాడు ఫ్రాన్సు నుంచి బ్రిటను వెళుతూ చిన్న విమానం కూలి సముద్రంలో పోయాడు. దాన్ని నడిపినతనికి డబ్బు తీసుకుని మనుషుల్ని మోసే అర్హతా లేదు, రాత్రిపూట నడిపే అర్హతా లేదు. ఆ ప్రయాణం ఏర్పాటు చేసినాయనకు 2021లో జైలు శిక్ష పడింది.

డబ్బు సంగతి తేలాక బరువు సంగతి వచ్చింది. నాలుగు సీట్లున్నాయి కదా అని నలుగురు పెద్దవాళ్ళు ఎక్కి, ట్యాంకు నింపుకుని పోవడానికి వీల్లేదట. ఆ విమానం మనుషులు, సామాను, పెట్రోలు అన్నీ కలిపి 395 కిలోల దాకా మోస్తుంది. ట్యాంకు నిండా పోస్తే పెట్రోలే 144 కిలోలు. మిగిలేది 250. అల్లుడు కాగితం పెన్ను పట్టుకుని అందరి బరువులూ అడిగాడు. నేను 68 అన్నాను. మా ఆవిడ కాసేపు కిటికీలోంచి చూసి 70 అంది. బావగారు ‘ఎనభై అయిదు వేసుకో’ అన్నారు. గరాజులో తూకం ఉంది మామా అన్నాడు అల్లుడు. ‘తూకం ఎందుకు, నా బరువు నాకు తెలీదా?’ అల్లుడు ఏమీ అనలేదు. కాగితం మీద వంద అని రాసుకోవడం నేను చూశాను. సగం పెట్రోలుతో వెళదామని నిర్ణయించాడు. మా ఆవిడ కట్టుకొచ్చిన ఊరగాయ జాడీ మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది.

శనివారం పొద్దున ఏడుకల్లా లివర్‌మోర్ ఎయిర్‌పోర్టులో ఉన్నాం. మన తిరువనంతపురం, చెన్నైల మాదిరి కాదు. ఇనప తడికె, చిన్న గేటు, లోపల వరసగా కట్టేసిన బుల్లి విమానాలు. తాళ్ళతో నిజంగానే కట్టేస్తారు, పశువుల్ని గాటికి కట్టినట్టు. అల్లుడు చేతిలో జాబితా పట్టుకుని విమానం చుట్టూ తిరిగాడు. రెక్కల కింద నుంచి గాజు గొట్టంలోకి కాస్త పెట్రోలు వంచి ఎండకు ఎత్తి చూశాడు. అడుగున నీళ్ళు చేరాయా లేదా అని. ఆ పెట్రోలు లేత నీలం రంగు, రకం గుర్తుపట్టడానికి కలుపుతారట. మా ఊళ్ళో నూలుకు రంగు వేసే ఇళ్ళ మధ్య పెరిగినదాన్ని కాబట్టి ఆ నీలం నాకు బాగా నచ్చిందని మా ఆవిడ ఇప్పటికీ చెబుతుంది.

ఆకాశం అద్దంలా ఉంది. ఎండ కాస్తోంది. అల్లుడు హాఫ్ మూన్ బే ఎయిర్‌పోర్టు వాతావరణం చెప్పే నంబరుకు ఫోను చేశాడు. విని పెట్టేశాడు. అరగంట ఆగి మళ్ళీ చేశాడు. తొమ్మిదిన్నరకు ఇంకోసారి. ఆ తీరంలో ఎండాకాలమంతా సముద్రం మీది నుంచి పొగమంచు లోపలికి వస్తుంది. ఒక్కోనాడు మధ్యాహ్నానికి విడిపోతుంది, ఒక్కోనాడు విడదు. ఆ రోజు అక్కడ మేఘం నేలకు 400 అడుగుల ఎత్తులో కప్పేసి ఉంది. మేఘాల్లో పరికరాలు మాత్రమే చూసి నడపడానికి వేరే అర్హత కావాలి, అది అతనికి లేదు. ‘ఈ రోజు సముద్రం లేదు మామా’ అన్నాడు.

‘ఇక్కడ ఇంత ఎండ కాస్తుంటే!’ అన్నారు బావగారు.

‘ఇక్కడ ఉంది. అక్కడ లేదు. కావాలంటే ఈ ఊరి చుట్టూ తిప్పుతాను, శివవిష్ణు ఆలయం పై నుంచి చూద్దురు గాని.’

‘గుడి కారులో చూశాం కదయ్యా. సోమవారం నా టికెట్టు. పోయి చూద్దాం, మంచు ఉంటే వెనక్కి తిరిగి వద్దాం.’

అల్లుడు తల వంచుకున్నాడు. బావగారు ఇంకోసారి అడిగారు. ఈసారి కాస్త మెల్లగా, తెనాలిలో ఎవరెవరికి చెప్పుకున్నారో ఆ పేర్లతో సహా. అల్లుడు గాజు తలుపులోంచి విమానం వైపు చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. పెళ్ళిలో ‘ఇంకొక్క లడ్డూ’ అని మామగారు వడ్డించబోతే అల్లుళ్ళు చూసే చూపు. కాదనలేని చూపు.

మధ్యలోకి వచ్చింది మా కోడలు. అంతదాకా మూల కుర్చీలో కూర్చుని పిల్లవాడికి బిస్కట్లు పెడుతూ ఉంది. లేచి వచ్చి తండ్రి భుజం మీద చెయ్యి వేసింది. ‘నాన్నా, మూడోసారి అడగొద్దు. మీరు మూడోసారి అడిగితే ఆయన కాదనలేరు. అందుకే అడగొద్దు.’

ఎవరూ ఏమీ మాట్లాడలేదు. బావగారు టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. ఊరి చుట్టూ తిరగడానికి ఆయన ఇష్టపడలేదు. ఆయన్ని కింద వదిలి మేము ఎక్కడం బాగుండదని మేమూ మానుకున్నాం. అందరం కారెక్కి ఇంటికి వచ్చేశాం. దారి పొడుగునా ఆయన కిటికీ బయటికే చూశారు. సోమవారం ఎయిర్‌పోర్టులో అల్లుడు కాళ్ళకు దండం పెడితే దీవించారు గానీ, మాట పెద్దగా సాగలేదు.

మన మొహమాటం ఎంత దూరం తీసుకుపోగలదో ఆ రోజు నుంచి చాలాసార్లు ఆలోచించాను. ఇంత దూరం వచ్చారు కదా, పెద్దవారు కదా, మళ్ళీ ఎప్పుడో కదా. ఇవన్నీ ఇంట్లో మంచి మాటలే. ఇది మన ఒక్కరి జబ్బూ కాదు. అమెరికా అధ్యక్షుడు కెన్నడీ కొడుకు, చిన్న కెన్నడీ, 1999 జూలై 16న తన సొంత చిన్న విమానంలో భార్యనూ ఆమె అక్కనూ ఎక్కించుకుని బయల్దేరాడు. మర్నాడు పినతండ్రి కూతురి పెళ్ళి. దారిలో ఆమె అక్కను ఒక దీవిలో దింపాలి. బయల్దేరేసరికే పొద్దు గుంకింది, గాలిలో మసక ఉంది. అతని లైసెన్సు కూడా మా అల్లుడిలాంటిదే, మేఘాల్లో నడిపే అర్హత లేదు. చీకట్లో నీటి మీద పైదేదో కిందదేదో తెలియక అదుపు తప్పిందని విచారణలో తేల్చారు. ముగ్గురూ పోయారు. అతన్ని ఆ సాయంత్రం ఎవరైనా బలవంతం చేశారని నేను అనను. పెళ్ళి అనేదే చాలు కదా, వేరే ఎవరూ అడగనక్కరలేదు.

మా వంతు మూడు వారాల తర్వాత వచ్చింది. ఆ రోజు తీరం పదకొండింటికి తేటపడింది. ముగ్గురం. అల్లుడు ఎడమ సీట్లో, నేను పక్కన, మా ఆవిడ వెనక. చెవులకు పెద్ద హెడ్‌సెట్లు. ఎక్కాక అల్లుడు కాస్త స్వరం మార్చి మాట్లాడాడు. బెల్టు ఇలా విప్పాలి, తలుపు ఇలా తెరవాలి, ఎగిరేటప్పుడూ దిగేటప్పుడూ నాతో మాట్లాడొద్దు, వేరే విమానం ఏదైనా కనిపిస్తే మాత్రం ఎప్పుడైనా సరే చెప్పండి. ‘మీరూ చూడాలి మామా, నాకు రెండు కళ్ళే ఉన్నాయి’ అన్నాడు. మిల్లు వదిలాక నాకు ఎవరూ ఇంత బాధ్యత అప్పగించలేదు. మొదటి పది నిమిషాలు ఆకాశం తప్ప ఏమీ చూడలేదు.

కింద ఎండిన గడ్డి కొండలు. తర్వాత అఖాతం అంచున ఉప్పు మడులు, ఒకటి ఎర్రగా, ఒకటి నారింజ రంగులో, ఒకటి తెల్లగా. ఆ ఉప్పు నీళ్ళలో బతికే సూక్ష్మజీవుల వల్ల ఆ రంగులు వస్తాయట. ‘తూత్తుకుడి!’ అంది వెనక నుంచి మా ఆవిడ. తర్వాత అడవి కొండ, దాని వెనక పొడుగాటి చెరువులు, ఆ వెనక ఒక్కసారిగా సముద్రం. నేలకీ నీటికీ మధ్య తెల్ల గీత, ఆపైన ఇంకేమీ లేదు. అల్లుడు రేడియోలో ఏదో చెప్పి ఎడమ చేత్తో చక్రం నెమ్మదిగా తిప్పాడు. తీరం పక్కనే చిన్న రన్‌వే, చుట్టూ తోటలు. దిగి, రెక్క నీడలో కూర్చుని పులిహోర తిన్నాం. అమెరికా పైలట్లు ఇలాంటి ప్రయాణాన్ని ‘వంద డాలర్ల హాంబర్గరు’ అంటారట, తిండి కోసమని చెప్పుకుని విమానం అద్దెకు తీసుకుంటారు గనుక. మాది 195 డాలర్ల పులిహోర.

తిరిగి వచ్చి లివర్‌మోర్‌లో దిగేముందు చుట్టు తిరుగుతుంటే గుడి గోపురం కనిపించింది. ఎదురుగా ఆల్టమాంట్ కొండల మీద గాలిమరలు బారులు తీరి తిరుగుతున్నాయి. కళ్ళు మూసి తెరిస్తే కయత్తారు అనుకోవచ్చు. కోవిల్‌పట్టి నుంచి తిరునెల్వేలి పోయే దారిలో, 1799 అక్టోబరు 16న కట్టబొమ్మను ఉరి తీసిన ఆ కయత్తారు చుట్టూ ఇప్పుడు గాలిమరలే గదా.

క్లబ్బు ఆఫీసులో బిల్లు కట్టాక నేను కాగితం అడిగి లెక్క రాశాను. 195ని మూడుతో భాగిస్తే 65. మా ఇద్దరివీ 130 అతని చేతిలో పెట్టాను. అతని వాటా 65 అతని జేబులోంచి పోయింది. జీవితంలో నేను వేసిన లెక్కల్లో డ్రైవరుకు వాటా వేసింది అదొక్కటే. ఆ కాగితం దాచుకున్నాను.

మన పిల్లల్లో ఇప్పుడు చాలామందికి ఈ సరదా పట్టింది. విజయవాడలో పుట్టిన గోపీ తోటకూర అనే పైలట్ 2024 మే 19న బ్లూ ఆరిజిన్ వ్యోమనౌకలో అంతరిక్షం అంచుదాకా వెళ్ళి వచ్చారు కూడా. రేపు మీ ఇంట్లో ఎవరైనా ‘పిన్నీ, రండి, ఎక్కిస్తాను’ అనవచ్చు. మహదానందంగా ఎక్కండి. అయితే అడగవలసినవి అడగండి, అది వాళ్ళని శంకించడం కాదు. అమెరికాలో మనుషుల్ని ఎక్కించుకోవాలంటే గడచిన 90 రోజుల్లో కనీసం 3 సార్లు ఎగిరి దిగి ఉండాలి. ఉన్నావా నాయనా అని అడగవచ్చు. రాత్రి నిద్ర పోయావా, జలుబు మందు ఏమైనా వేసుకున్నావా అని అడగవచ్చు. మన తల్లులు ఎలాగూ రోజూ అడిగేవే ఇవి. బరువు నిజం చెప్పండి. తిరుగు ప్రయాణం టికెట్టు ముందు రోజున విమానం సరదా పెట్టుకోకండి. ఆఖరుగా, ‘ఈ రోజు వద్దు’ అని అతను అంటే, మొదటిసారే ‘సరే’ అనండి. అతని మొహంలో పోయిన బరువు మీకే కనిపిస్తుంది.

మా ప్రాంతంలోనూ ఒక విమానాల స్థలం ఉంది. కోవిల్‌పట్టి దగ్గర నాలాట్టిన్‌పుదూరు వైపు పాత ఎయిర్‌స్ట్రిప్. అక్కడ పైలట్ శిక్షణ సంస్థ పెట్టించడానికి ప్రభుత్వ సంస్థ టిడ్కో ప్రయత్నిస్తున్నట్టు పేపర్లో చదివి, ఆ ముక్క కత్తిరించి అల్లుడికి పంపాను. అది నిజంగా వస్తే కరిసల్ నేలను పై నుంచి చూడాలని అతని కోరిక. నల్లరేగడి, మధ్యలో మిరప తోటలు, మా ఊరి నేతమగ్గాల వీధులు. నాకూ ఉంది. వాటా ఎంత పడుతుందో అప్పుడు చూసుకుందాం.

బావగారు ఇంకా ఎక్కలేదు. కరోనా రెండేళ్ళు తినేసింది, తర్వాత మోకాళ్ళు. అల్లుడి మీద కోపం ఎప్పుడో పోయింది. గోపీ తోటకూర వార్త వచ్చిన రోజు ఆయనే నాకు ఫోను చేసి, ‘మా వాడు నన్ను సముద్రం దాకా కూడా తీసుకుపోలేదు’ అని గట్టిగా నవ్వారు. ఈసారి అక్టోబరుకు టికెట్టు కొనుక్కున్నారు. ఆ నెలలో తీరం తేటగా ఉంటుందని అల్లుడే చెప్పాడట. తిరుగు టికెట్టు మూడు నెలల తర్వాత. బరువు అడిగితే మాత్రం ఇంకా ఎనభై అయిదే అంటున్నారు.